అరవై రోజుల అమెరికా

డిసెంబరు మొదటి వారంలో డాలరు 90 రూపాయలు దాటింది కదా. టీవీల్లో రూపాయి పడిపోయిందని ఒకటే గోల. మా ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం పండగ. "మన అమెరికా బ్రదర్స్ అందరికీ కంగ్రాట్స్, కూర్చున్నచోటే హైక్" అని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా బొటనవేళ్లు, టపాసులు, బిర్యానీ పార్టీ ఎప్పుడన్న ప్రశ్నలు. డాలస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు కూడా ఒక బొటనవేలు పెట్టాడు. వాడి ఉద్యోగం పోయి అప్పటికి పందొమ్మిది రోజులు. మా వాళ్లందరిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

మాది మేళ్లచెరువు. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. శంభులింగేశ్వర స్వామి గుడి, శివరాత్రి జాతరలో ఎడ్ల పందేలు, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, సాగర్ ఎడమ కాలువ కింద వరి. మా చిన్నప్పుడు ఊళ్లో బాగుపడటమంటే ఫ్యాక్టరీలో పర్మనెంటు కావడం. ఇప్పుడు బాగుపడటమంటే అమెరికా. కోదాడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా వీధికి ఇద్దరో ముగ్గురో అక్కడున్నారు. ఒక ఇంట్లో అమెరికా ఉందో లేదో కనుక్కోవడానికి లోపలికి వెళ్లక్కర్లేదు. గేటు చూస్తే చాలు.

ఆ రోజు సాయంత్రమే పెదనాన్న ఫోన్ చేశాడు. "ఏరా, డాలరు తొంభై అయిందంట గదా. మనోడికి నెలకి ఎంత పెరిగినట్టు?"

ఏం చెప్పాలి? "వాణ్నే అడుగు పెదనాన్నా" అన్నాను.

ఈ లెక్కతోనే నాకు పేచీ. మనం వాళ్ల జీతాన్ని రూపాయల్లోకి మారుస్తాం. వాళ్ల అద్దెని మార్చం. ఏడాదికి లక్ష డాలర్లంటే మనకు 90 లక్షలు వినపడుతుంది. మా తమ్ముడు ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ఆదివారం నాకు తన నెల లెక్క మొత్తం చెప్పాడు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అదొక అదృష్టం. కేంద్ర పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, ఇన్సూరెన్సు ప్రీమియం అన్నీ కోసుకున్నాక చేతికొచ్చేది ఆరున్నర వేలు. డబుల్ బెడ్రూమ్ అద్దె 1900. పాపకి డేకేర్ 1300. కారు వాయిదా, కారు ఇన్సూరెన్సు కలిపి 800. సరుకులు 900. కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్టు 400. ఇంటికి, అంటే ఇక్కడ కట్టిన ఇంటి లోను వాయిదాకి 600. పెట్రోలూ చిల్లరా ఇంకో 300. మీరే కూడండి. మిగిలేది 300. ఆ నెల టైరు పంక్చరైనా, పాపకి చెవి నొప్పొచ్చినా అదీ లేదు.

డాలరు 90 కాగానే వీటిలో తగ్గింది ఒక్కటే, ఇంటికి పంపే వాయిదా. దానికి కాస్త తక్కువ డాలర్లు పడతాయి. మిగతావన్నీ డాలర్లలో వచ్చి డాలర్లలోనే పోతాయి. 2008 మొదట్లో డాలరు 40 రూపాయల లోపే ఉండేది. అప్పట్నుంచి ఇప్పటికి రెట్టింపు దాటింది. అంతమాత్రాన అక్కడున్న మనవాళ్ల బతుకు రెట్టింపు బాగుపడిందా? రూపాయి పడ్డప్పుడల్లా పెరిగేది మన ఊళ్లో వాళ్ల పరపతి. పెళ్లి సంబంధాల బ్రోకర్లు కూడా ఆ రోజు నుంచే రేటు మారుస్తారు, పెట్రోలు బంకుల్లాగా.

సరే, మంచి రోజుల్లో అమెరికా జీవితం బాగుండదని అనడం లేదు. బాగుంటుంది. వాడు పాపని తీసుకెళ్లే లైబ్రరీ నేను వీడియోలో చూశాను. ఊళ్లో ఉన్న పుస్తకాలన్నీ కలిపినా దాంట్లో ఒక అరకి సరిపోవు. రోడ్డు మీద హారన్ లేదు. బడికి ఫీజు లేదు. లంచం అడిగే గుమాస్తా లేడు. వాడికి అవన్నీ నిజంగానే ఇష్టం. అయితే హెచ్-1బి మీద ఉన్నవాడికి ఇవన్నీ ఒక ఉద్యోగం తాడుకి వేలాడుతుంటాయి. తాడు తెగితే లైబ్రరీ అక్కడే ఉంటుంది. అక్కడ ఉండే హక్కుకి మాత్రం గడువు మొదలవుతుంది.

ఆ గడువు అరవై రోజులు.

ఉద్యోగం పోయిన మర్నాటి నుంచి లెక్క. పని దినాలు కావు, క్యాలెండరు రోజులు. చేతిలో ఉన్న ఐ-94 అంతకంటే ముందే ముగిసిపోతే ఆ తేదీయే ఆఖరు. కంపెనీ దయతలచి రెండు నెలల జీతం చేతిలో పెట్టినా ఈ గడువు దాంతో పాటు పెరగదు. ఈలోగా ఇంకో కంపెనీ దొరికి, వాళ్లు మన పేరు మీద పిటిషన్ వేయాలి. లేకపోతే టూరిస్టుగా మారతానని బి-2కి దరఖాస్తు పెట్టుకోవాలి. లేదంటే పెట్టె సర్దుకోవాలి.

మీలో కొంతమందికి ఇది పాత సంగతే. కానీ ఇంకో సంగతి చెప్తాను, మా బావ ఒకాయన చెబితే తెలిసింది. ఆయన 2001 నాటి మనిషి. డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు న్యూజెర్సీలో ఉన్నాడు. "మాకు అరవై రోజులు కూడా లేవురా. ఈరోజు తీసేస్తే రేపట్నుంచి చట్టం లెక్కలో మేం లేనట్టే" అన్నాడు. నిజమే. ఈ అరవై రోజుల నిబంధన 2017 జనవరిలో అమల్లోకొచ్చింది. 2001లో గానీ, 2008–09లో గానీ ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్లకి రాతపూర్వకంగా ఒక్క రోజు కూడా లేదు. ఆ రోజుల్లో ఆ బావ వాళ్లు ఒక అపార్టుమెంటులో తొమ్మిది మంది ఉన్నారట. బెంచి మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీ మీద మాట్లాడటానికి అందరికీ భయం. హెచ్-1బి మనిషికి పని లేదన్న వంకతో జీతం ఆపకూడదని 1998 నుంచే అమెరికా చట్టంలో ఉంది. బెంచి అన్నది మనవాళ్లు పెట్టిన ముద్దు పేరు. చట్టం దృష్టిలో అది బకాయి.

మళ్లీ మా తమ్ముడి దగ్గరికొస్తాను. వాణ్ని తీసేసింది నవంబరు నడిమధ్యలో. పదకొండింటికి మీటింగు, పన్నెండింటికి ల్యాప్‌టాప్ లాక్. నాలుగు వారాల జీతం ఇచ్చారు. ఇక్కడొక చిక్కు ఉంది, అక్కడ లేనివాళ్లకి తట్టదు. నవంబరు నడిమి నుంచి జనవరి నడిమి దాకా అరవై రోజులంటే మధ్యలో థాంక్స్‌గివింగ్, క్రిస్మస్, న్యూ ఇయర్. హెచ్చార్ వాళ్లంతా సెలవులో ఉంటారు. "అన్నా, నా అరవైలో నలభై రోజులే పని చేస్తాయి. మిగతా ఇరవై రోజులు మెయిల్ పెడితే వాళ్ల ఆటోమేటిక్ రిప్లై వస్తది, హ్యాపీ హాలిడేస్ అని" అన్నాడు. నవ్వాడు. నేను కూడా నవ్వాను, తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

2022 నవంబరు నుంచి 2023 జనవరి దాకా జరిగినవి మీకు గుర్తుండే ఉంటాయి. మెటా 11 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేలు. అప్పుడు కూడా ఇదే సీజను. అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా వచ్చింది. అప్పట్లో "పోనీలే, ఇండియా వెళ్లి ఒక ఆర్నెల్లుండి మళ్లీ ఏ కంపెనీ పిలిస్తే వద్దాం" అన్న దారి ఉండేది. 2025 సెప్టెంబరు 21 తర్వాత, అమెరికా బయట ఉండి చెల్లుబాటు వీసా లేనివాళ్ల కోసం కొత్తగా హెచ్-1బి పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. 90 లక్షలు. మన పిల్లల్లో ఎంతమంది కోసం ఒక కంపెనీ అంత కడుతుంది? అందుకే ఇప్పుడు గడప దాటడమంటే భయం. తల్లికి ఆపరేషనన్నా, చెల్లెలి పెళ్లన్నా, విమానం ఎక్కేముందు లాయర్‌కి ఫోన్ చేస్తున్నారు.

వాడి ఇంట్లో ఆ అరవై రోజులు ఎలా గడిచాయో వాళ్లావిడ చెప్తేనే తెలిసింది. మొదటి వారమే డేకేర్ మాన్పించారు. ఆమెకి ఉద్యోగం చేసే అనుమతి లేదు, హెచ్-4. 2015 నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి పర్మిట్ ఇస్తున్నారు గానీ, దానికి భర్త గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు ఎక్కి ఉండాలి. వీళ్లది ఇంకా ఆ మెట్టు రాలేదు. ఎంటెక్ చదివిన పిల్ల ఆమె. ఉద్యోగం పోయినవాడేమో రోజుకి నలభై అప్లికేషన్లు, ఉద్యోగం చేయగలిగిన ఆమేమో చూస్తూ కూర్చోవాలి. ఆమెకి అసలు కోపం దాని మీదే, తీసేసిన కంపెనీ మీద కాదు.

తర్వాత ఇన్సూరెన్సు. ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. కోబ్రా అనే పద్ధతిలో పాత ఇన్సూరెన్సు కొనసాగించుకోవచ్చు, కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి. వీళ్లకి నెలకి రెండు వేల డాలర్లు పైనే పడింది. ఎంచుకోవడానికి అక్కడ కూడా అరవై రోజులే. ఆ గడువులోపు ఎప్పుడు ఎంచుకుని డబ్బు కట్టినా మొదటి రోజు నుంచి వర్తిస్తుంది. అందుకని చాలామంది చేసే పనే వీళ్లూ చేశారు. కట్టకుండా ఆగి, ఎవరికైనా ఏదైనా అయితే అప్పుడు కడదామని రోజులు లెక్కపెట్టుకున్నారు. పాప మెట్ల మీద పరిగెత్తితే వాళ్లావిడ గుండె ఆగిపోయేదట. ఇంట్లో మాట "పడిపోతావ్" నుంచి "పడొద్దు తల్లీ, ఈ నెల పడొద్దు" దాకా వచ్చిందని చెప్పింది.

సాయంత్రం ఏడింటికి ఇండియాకి వీడియో కాల్. అప్పుడు మాత్రం వాడు చొక్కా మార్చుకుని కూర్చునేవాడు.

అక్కడి తెలుగు గ్రూపులు మీరెప్పుడైనా చూశారా? మనకి ఆర్థిక మాంద్యం వచ్చిందో లేదో చెప్పడానికి వార్తలు అవసరం లేదు, ఆ గ్రూపుల్లో "మూవింగ్ సేల్" పోస్టులు లెక్కపెట్టుకుంటే చాలు. సోఫా 80 డాలర్లు, పరుపు 50, పిల్లల సైకిలు 20, రైస్ కుక్కర్ ఫ్రీ, వచ్చి తీసుకెళ్లండి. మామూలు రోజుల్లో మే, ఆగస్టు నెలల్లో వస్తాయవి, చదువులు అయిపోయేటప్పుడు. డిసెంబరులో వరసగా వస్తున్నాయంటే అర్థం వేరు. మా తమ్ముడు చెప్పింది విన్నాక ఒకటి గమనించాను. చివర్లో అమ్మకానికి పెట్టేది గ్రైండర్. చాలామంది దాన్ని ఇండియా నుంచి మోసుకెళ్తారు. గ్రైండర్ పోస్టు పెట్టారంటే టికెట్ బుక్ అయిందని అర్థమట.

ఇక స్టూడెంట్ల సంగతి. ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వీళ్లకి పోవడానికి ఉద్యోగం కూడా లేదు. మా వెనక వీధి అబ్బాయి ఒకడు 2023 ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లాడు. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. కాలువ కింద రెండెకరాలు. ఇల్లు, పొలం పెట్టి 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ. పదేళ్ల వాయిదా అయితే నెలకి 55 వేలు. చదువుకునేటప్పుడు కూడా వడ్డీ ఆగదు, నెలకి 36 వేలు పైనే పెరుగుతూ ఉంటుంది. వాడు వెళ్లినప్పుడు డాలరు 83. 2025 డిసెంబరులో ఫీజు కట్టేవాడికి 90. 20 వేల డాలర్ల ఫీజుకి 83 లెక్కన 16 లక్షల 60 వేలు, 90 లెక్కన 18 లక్షలు. రూపాయి పడితే అమెరికా వాళ్లకి లాభమని మెసేజ్ పెట్టినాయనకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

అప్పట్లో వాడొక్కడే కాదు. ఆ ఏడు అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3 లక్షల 31 వేలు దాటారు, చైనాని కూడా మించిపోయారు. ఆ సంఖ్య వచ్చిన రోజు మనం పేపర్లలో గర్వంగా చదువుకున్నాం. అంతమందీ ఒకేసారి చదువు ముగించి, ఒకేసారి ఉద్యోగాల మార్కెట్లోకి వస్తారని ఆ రోజు ఎవరూ హెడ్డింగ్ పెట్టలేదు. హెచ్-1బి కోటా మాత్రం ఏడాదికి 85 వేలే. ప్రపంచం మొత్తానికి.

చదువయ్యాక ఓపీటీ. దాంట్లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం తొంభై రోజులు. ఈ అబ్బాయి డెబ్బై నాలుగో రోజున ఒక చిన్న కంపెనీలో వారానికి ఇరవై గంటలు జీతం లేని పనికి చేరాడు. చదివిన సబ్జెక్టులోనే అయితే అది చెల్లుతుంది, లెక్క ఆగుతుంది. అంటే చదువు కోసం 40 లక్షలు, ఆ తర్వాత దేశంలో ఉండటం కోసం ఊరికే పని. రాత్రిళ్లు ఎక్కడ పని చేస్తున్నాడో నేను అడగలేదు. మీరూ మీ ఫ్రెండ్స్‌ని అడగరు. క్యాంపస్ బయట అనుమతి లేని పని చేస్తే స్టేటస్ పోతుందని వాళ్లకి మనకన్నా బాగా తెలుసు. తెలిసీ చేస్తున్నారంటే 55 వేలు ఎంత బరువో చూడండి.

ఇలాంటి రోజుల్లోనే మోసం తలుపు కొడుతుంది. క్లాసులు లేకుండా స్టేటస్ నిలబెడతామని, అనుభవం లేకుండా ఎనిమిదేళ్ల రెజ్యూమె రాసిపెడతామని. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. ఆ విద్యార్థుల్లో చాలామంది మన తెలుగువాళ్లు. కొందరి కాళ్లకి రేడియో కాలర్లు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి ఇంకా ఘోరం. అసలు ఆ యూనివర్సిటీని నడిపిందే అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులు, వల వేయడానికి. మొదటి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వాళ్లందర్నీ అమాయకులని నేను అనను. కానీ వాళ్లని అక్కడిదాకా నెట్టింది ఏంటో కోదాడ బ్యాంకుల్లో ఎడ్యుకేషన్ లోను కౌంటరు దగ్గర గంట కూర్చుంటే కనిపిస్తుంది.

ఉత్తర తెలంగాణ మిత్రులతో మాట్లాడినప్పుడల్లా నాకు ఒకటి అనిపిస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లల్లో గల్ఫ్ కష్టం గురించి బహిరంగంగా మాట్లాడుకుంటారు. జీతం రాలేదంటే రాలేదనే చెప్తారు. 2016లో సౌదీలో పెద్ద నిర్మాణ కంపెనీలు కుప్పకూలి వేలమంది భారతీయులు తిండికి కూడా ఇబ్బంది పడ్డప్పుడు ఆడవాళ్లు కలెక్టరేట్ల ముందుకొచ్చి అడిగారు. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ క్యాంపులకి భోజనం పంపించాల్సి వచ్చింది, సహాయమంత్రిని అక్కడికి పంపారు. మా వైపు అమెరికా ఇళ్లలో అలాంటి మాటే లేదు. కూలి పోయిందని చెప్పడానికి లేని సిగ్గు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిందని చెప్పడానికి ఉంది. అబద్ధం కూడా అక్కర్లేదు. బొటనవేలు గుర్తు పెట్టేస్తే చాలు.

ఆ సిగ్గు ఖరీదు ఈసారి మా ఇంట్లోనే తేలింది.

అక్టోబరులో పెదనాన్న కోదాడలో 200 గజాల ప్లాటు చూసి 5 లక్షలు బయానా ఇచ్చాడు. మిగతాది జనవరి ఆఖరుకి కట్టాలని అగ్రిమెంటు. ఆ మిగతాది కొడుకు పంపుతాడని ధైర్యం. కొడుకు సరేనన్నాడు కూడా, ఆ రోజు ఉద్యోగం ఉంది కాబట్టి. తీసేసిన రోజు రాత్రే నాతో చెప్పాడు. "రేపే పెదనాన్నకి చెప్పరా, బయానా వెనక్కి అడుగుతాడు" అన్నాను. "ఒక్క వారం అన్నా" అన్నాడు. వారం అయ్యాక థాంక్స్‌గివింగ్ అయిపోనీ అన్నాడు. ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూ మూడో రౌండు దాకా వచ్చింది, అదయ్యాక చెప్తానన్నాడు. అక్కడ అరవై రోజులు తరుగుతున్నాయి, ఇక్కడ బయానా గడువు తరుగుతోంది. రెండు గడియారాలూ నాకొక్కడికే కనిపిస్తున్నాయి. పెదనాన్న ఈలోగా సీసీ కెమెరాలు పెట్టించడానికి రేట్లు కనుక్కుంటున్నాడు, ఇంకా కొనని ప్లాటుకి.

ముప్పై మూడో రోజు చెప్పాడు. కాల్‌లో నన్ను కూడా కలిపాడు, ఒక్కడే చెప్పలేక.

పెదనాన్న మొదట అన్న మాట, "పాపకి పాలకి డబ్బులున్నయా?" అని. తర్వాత చాలాసేపు ఏం అనలేదు. టీవీ సౌండు మాత్రం వినిపిస్తోంది. తర్వాత అన్నాడు: "నెల ముందు చెప్తే ఆ ప్లాటాయన కాళ్లో వేళ్లో పట్టుకుని సగమన్నా తెచ్చుకునేటోణ్ని గదరా. అప్పటికి ఆయన ఆ డబ్బులు ఖర్చు పెట్టలా. ఇప్పుడు పెట్టేశాడు."

అరిస్తే బాగుండేదని మా తమ్ముడు తర్వాత నాతో అన్నాడు.

మనవైపు తప్పు లేదా అంటే ఉంది. వాళ్లు ఫోన్ చేసిన ప్రతిసారీ మనం ఏం అడుగుతాం? ఇల్లు కొన్నారా, గ్రీన్‌కార్డు వచ్చిందా. గ్రీన్‌కార్డు సంగతి ఒక్కసారి విని వదిలేయండి. ఒక్కో దేశానికి ఏడాదికి ఇచ్చే వాటిలో ఏడు శాతం హద్దు. 2025 డిసెంబరులో ఈబీ-2 క్యూలో మన భారతీయుల వంతు నడుస్తున్న తేదీ 2013 మే. అప్పుడు దరఖాస్తు పెట్టినవాళ్ల పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. అది రాలేదని వాళ్లనడిగితే, వాన పడలేదని పొలాన్ని అడిగినట్టు ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ కింద జీతంలో 6.2 శాతం కోస్తారు కదా, దాని పెన్షను రావాలంటే పదేళ్లు కట్టి ఉండాలి. ఈ విషయంలో మన దేశానికి అమెరికాతో ఒప్పందం లేదు. తొమ్మిదో ఏడు వెనక్కి వచ్చినవాడికి కట్టింది కట్టినట్టే పోతుంది. ఇది మీ పెదనాన్నకి చెప్పి చూడండి, నమ్మడు.

చదివేవాళ్లలో ఎవరైనా అక్కడుండి ఇలాంటి రోజుల్లో ఉంటే రెండు మూడు సంగతులు. హెచ్-1బి గడువు ముగియక ముందే కంపెనీ తీసేస్తే మీ తిరుగు ప్రయాణం ఖర్చు, సమంజసమైనంత, ఆ కంపెనీయే భరించాలి. కుటుంబానిది కాదు, మీదొక్కటే. చాలామంది అడగరు. కొత్త కంపెనీ పిటిషన్ అధికారులకి అందిన దగ్గర్నుంచి మీరు పని మొదలుపెట్టొచ్చు, ఆమోదం కోసం ఆగక్కర్లేదు. కాకపోతే పిటిషన్‌కి ముందు లేబర్ శాఖ కాగితం ఒకటి రావాలి, దానికి ఏడు పని దినాలు పడుతుంది. కాబట్టి యాభై ఎనిమిదో రోజు ఆఫర్ వస్తే సంబరపడటానికి లేదు. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్ రూపంలో పంపే డబ్బు మీద ఒక శాతం పన్ను వచ్చింది. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు. ఇక్కడ లోను ఉన్నవాళ్లు వాయిదా తప్పకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడాలి. తప్పాక వెళ్తే మేనేజరు కుర్చీ కూడా చూపించడు.

మా తమ్ముడికి ముప్పై తొమ్మిదో రోజున ఆఫర్ వచ్చింది. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు. జీతం పాతదానికంటే 18 వేల డాలర్లు తక్కువ, ఊరు ఒహాయో. లేబర్ కాగితం, సెలవులు, లాయరు, అన్నీ కలిసి పిటిషన్ పడింది యాభై ఆరో రోజున. ఆ మధ్య పదిహేడు రోజులు ఎలా ఉన్నాయని అడిగితే, "ముందు ముప్పై తొమ్మిది కంటే అవే కష్టం అన్నా, ఎందుకంటే అప్పుడు పోగొట్టుకోవడానికి ఒకటుంది" అన్నాడు.

ప్లాటు పోయింది. 5 లక్షల్లో ఒకటిన్నర వెనక్కి వచ్చింది, అది కూడా కోదాడలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటే. పెదనాన్న ఆ ఒకటిన్నర నుంచి లక్ష రూపాయలు అమెరికా పంపుతానన్నాడు, కొత్త అపార్టుమెంటు అడ్వాన్సుకి. ఇక్కణ్నుంచి అక్కడికి డబ్బు పంపడమేంటని మా వాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. నన్ను బ్యాంకుకి తోడు రమ్మన్నాడు. ఫారం నింపుతున్న అమ్మాయి డాలర్లెన్ని వస్తాయో లెక్క కట్టి చెప్పింది. పదకొండు వందలు.

"ఇంతేనా?" అన్నాడు పెదనాన్న.

"డాలరు తొంభై కదండీ" అంది ఆ అమ్మాయి.